బోర్ల చమురు పడ్డదా? అపోహలు - వాస్తవాలు

బోరు పాయింట్లు చూడటం నా పని. నల్లగొండ జిల్లాలో ఎండాకాలం వచ్చిందంటే ఎవరో ఒకరు బాటిల్‌లో నీళ్లు పట్టుకొని వస్తారు. "సార్, మా బోర్ల చమురు పడ్డది, చూడుండ్రి" అంటారు. పోయిన ఏడాది నాంపల్లి మండలం నుంచి వచ్చిన రైతు అప్పటికే ఒక బ్రోకర్‌కు "ల్యాబ్ టెస్ట్, కంపెనీ ఫైల్" పేరుతో 40 వేలు ఇచ్చేశాడు. భార్య పుస్తెలతాడు కుదువ పెట్టి తెచ్చిన డబ్బు అది.

అపోహ: నీళ్ల మీద రంగులు తేలితే కింద క్రూడ్ (ముడి చమురు) ఉన్నట్టే.

వాస్తవం: మన జిల్లాలో ఎక్కువ భాగం కింద ఉన్నది గ్రానైట్. కరిగిన రాయి చల్లారి గట్టిపడింది, వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. క్రూడ్ పుట్టుక వేరు. సముద్రంలోని సూక్ష్మజీవులు, నాచు చచ్చి, గాలి తగలని బురదలో పూడుకుపోవాలి. దాని మీద పొర మీద పొర పడి, కిలోమీటర్ల లోతుకు దిగి, సుమారు 60 నుంచి 120 డిగ్రీల వేడిలో లక్షల, కోట్ల ఏళ్లు మగ్గాలి. కృష్ణా గోదావరి బేసిన్‌లో అలాంటి పొరలున్నాయి కాబట్టే రాజోలు, నర్సాపురం వైపు ఓఎన్జీసీ బావులు వేసింది. మన గ్రానైట్ పగుళ్లలో దొరికేది నీళ్లే. "ఇంకో 500 ఫీట్లు దింపితే తగుల్తది" అనేవాణ్ని నమ్మకండి. కింద ఇంకా గట్టి రాయి, పైన ఫీటు లెక్కన బిల్లు, అంతే.

మరి ఆ రంగులు? చాలాసార్లు ఇనుము. నీళ్లలో కరిగిన ఇనుముకు గాలి తగిలితే, బ్యాక్టీరియా కూడా తోడై పైన పలుచని తెట్టు కడుతుంది. వేపపుల్లతో కదపండి. పెంకుల్లా పగిలి ముక్కలు దేనికది ఉండిపోతే ఇనుము తెట్టు. పుల్ల తీయగానే మళ్లీ కలిసిపోతే నూనె. కొత్త బోరులో అది రాయి పగలగొట్టే రిగ్ హ్యామర్‌కు పోసిన ఆయిలే కావచ్చు, కొన్నాళ్లు నీళ్లు వదిలితే పోతుంది.

పెట్రోల్ వాసన వస్తే మాత్రం నాకు భయం. బంకు పెట్రోల్ భూమిలో దొరకదు. రిఫైనరీలో క్రూడ్‌ను 350 డిగ్రీల దాకా కాచి టవర్‌లోకి పంపితే పైన గ్యాస్, దాని కింద పెట్రోల్‌గా మారే నాఫ్తా, ఆ కింద కిరోసిన్, డీజిల్, అడుగున తారుకు పోయే మడ్డి విడిపోతాయి. కాబట్టి ఆ వాసన వస్తే దగ్గర్లో ఎక్కడో ట్యాంకు లీకవుతున్నట్టే. మోటారు ఆపండి, తాగకండి, అంటుకుంటదా అని అగ్గిపుల్ల గీయకండి, తహసీల్దారుకు చెప్పండి.

డైనోసార్లు కరిగి పెట్రోల్ కాలేదు. డీజిల్‌కు వేరే బావి ఉండదు. ప్రభుత్వ లీజు లేకుండా ఎవరూ క్రూడ్ తీయలేరు.

ఆ రైతు పొలానికి నేనే వెళ్లాను. తొట్టిలో పుల్ల పెట్టగానే తెట్టు పెంకులు పెంకులుగా విరిగింది. ఆయన బ్రోకర్‌కు ఫోన్ చేస్తూనే ఉన్నాడు, అవతల ఎత్తడం లేదు. "ఈ నీళ్లు తాగొచ్చా సారూ?" అని ఆయన భార్య అడిగింది. ఇనుముకు భయం లేదమ్మా, మన దిక్కు టెస్ట్ చేయించాల్సింది ఫ్లోరైడ్‌కు, అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగొద్దని చెప్పాను. ఆమె ఇంకో బాటిల్ కడిగి, నింపి ఇచ్చింది. దాన్ని ల్యాబ్‌కు తీసుకెళ్లాను.