గేదె తినే గడ్డి మనమెందుకు తినలేం?

చిన్నీ, బుజ్జీ,

ఇద్దరికీ ఆశీస్సులు. మొన్న ఫోన్‌లో బుజ్జి అడిగిన ప్రశ్న సగంలో ఆగిపోయింది. "బియ్యమూ వరిదే, గడ్డీ వరిదే. ఒకటి మనకీ ఒకటి గేదెకీ ఎందుకు తాతయ్యా?" భలే ప్రశ్న!

నిజానికి రెండిట్లోనూ ఎక్కువగా ఉండేది గ్లూకోజే. 6 కార్బన్లు, 12 హైడ్రోజన్లు, 6 ఆక్సిజన్లు ఉన్న చిన్న అణువు అది. వరిమొక్క దాన్ని గింజలో ఒక తీరుగా, కాండంలో ఇంకో తీరుగా కలుపుతుంది. గింజలో గ్లూకోజులన్నీ ఒకే వైపు తిరిగి కలుస్తాయి. గొలుసు మెలికలు పడుతుంది. అదే పిండిపదార్థం. కాండంలో ఒకటి నిటారుగా ఉంటే పక్కది తలకిందులుగా ఉంటుంది. దాంతో గొలుసు తిన్నగా సాగి, పక్క గొలుసులను గట్టిగా పట్టుకుంటుంది. అది సెల్యులోజ్. మీ నూలు బట్టలు, నేను రాస్తున్న ఈ కాగితం చాలావరకు అదే.

ఈసారి కూర కలపకుండా ఉత్త అన్నం ముద్ద ఒకటి నోట్లో పెట్టుకుని, మింగకుండా బాగా నమలండి. కాసేపటికి తియ్యగా తగులుతుంది. ఉమ్మిలోని అమైలేజ్ అనే ఎంజైమ్ పిండిని తెంచి మాల్టోజ్ అనే చక్కెరగా చేస్తుంది. అదే అమైలేజ్‌కి తలకిందుల అతుకు మాత్రం లొంగదు.

అసలు తమాషా ఏంటంటే, గేదెకీ ఆ అతుకు తెంచే ఎంజైమ్ లేదు! దాని పొట్టలో నాలుగు అరలుంటాయి. మొదటి అరలో కాపురముండే సూక్ష్మజీవులే ఆ పని చేసి, చిన్న చిన్న ఆమ్లాలను వదులుతాయి. గేదెకు శక్తి వాటినుంచే ఎక్కువగా వస్తుంది. పాలమీద కట్టే మీగడలో కొంత కూడా వాటితోనే తయారవుతుంది. తర్వాత ఆ సూక్ష్మజీవులే ముందుకు జారి తామూ అరిగిపోతాయి. గేదెకు ప్రోటీన్లు చాలావరకు అలా దొరుకుతాయి. దాన్ని శాకాహారి అని ఎలా అనాలో నాకు అర్థం కాదు.

మీగడ కొవ్వు. పిండిలోలా ఒకే ముక్క మళ్లీ మళ్లీ కలిసిన గొలుసులేమీ దానిలో ఉండవు. ఒక గ్లిజరాల్‌కి 3 కొవ్వు ఆమ్లాలు తగులుకుని ఉంటాయి, అంతే.

ప్రోటీన్ సంగతి వేరు. 20 రకాల అమైనో ఆమ్లాలు వరసగా కలిసి, ముడుచుకుని ఒక ఆకారానికొస్తాయి. పాలలో ఉండే కేసీన్ ప్రోటీనే, అమైలేజూ ప్రోటీనే. అమ్మమ్మ పాలకి తోడేస్తే, అందులోని బ్యాక్టీరియా పాల చక్కెరను లాక్టిక్ ఆమ్లంగా మారుస్తుంది. ఆ పులుపుకి కేసీన్ ముద్దకట్టి పెరుగు తోడుకుంటుంది.

ప్రోటీన్‌లో ఏ అమైనో ఆమ్లం తర్వాత ఏది రావాలన్నది డీఎన్ఏలో రాసి ఉంటుంది. సెల్యులోజును తెంచే ఎంజైమూ ప్రోటీనే. దాని రాత మన డీఎన్ఏలో లేదు, గేదె డీఎన్ఏలోనూ లేదు, ఆ సూక్ష్మజీవుల డీఎన్ఏలో ఉంది. బుజ్జీ, నీ ప్రశ్నకు జవాబు ఇదే.

ఆ రాతలో 3 అక్షరాలకో అమైనో ఆమ్లం చొప్పున ఎలా చదవాలో తేల్చినందుకు శాస్త్రవేత్త హరగోవింద్ ఖొరానాకు, మరో ఇద్దరితో కలిపి 1968లో నోబెల్ వచ్చింది. చిన్నీ, ఆ సంగతి వచ్చే ఉత్తరంలో రాస్తాను.

మీ తాతయ్య