లొట్టిలో నిద్రమాత్ర

2015 సెప్టెంబరులో తెలంగాణలో కల్తీ కల్లు మీద దాడులు ముమ్మరమయ్యాయి. వెంటనే నిజామాబాద్, మహబూబ్‌నగర్ ప్రాంతాల ఆసుపత్రులకు రోగులు వరస కట్టారు. వాళ్లు కల్లు తాగి పడిపోయినవాళ్లు కాదు, కల్లు దొరక్క పడిపోయినవాళ్లు. చేతుల వణుకు, కునుకు పట్టని రాత్రులు, కొందరికి ఫిట్స్. ఇంకొందరు ఎదురుగా లేని మనుషులతో మాట్లాడుతున్నారు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయంలోనూ ఇదే తంతు.

చెట్టు కల్లు తాగేవాళ్లకు మామూలుగా ఇంత అవస్థ రాదు. తాటికో ఈతకో కట్టిన లొట్టిలోకి దిగే తియ్యటి నీరా గంటల్లోనే పులిసి కల్లవుతుంది. అందులో ఆల్కహాలు దాదాపు బీరులో ఉన్నంతే. చిక్కల్లా చెట్లు తక్కువై, తాగేవాళ్లు ఎక్కువ కావడం. నీళ్లు పోస్తే కల్లు పెరుగుతుంది, తీపికి శాకరిన్ ఉండనే ఉంది. మరి మత్తు ఎక్కడి నుంచి రావాలి? దానికే క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, ఆల్ప్రజోలం లాంటి నిద్ర, మత్తు మందులు కలుపుతారు.

ఆల్ప్రజోలం ఆందోళన తగ్గడానికి డాక్టర్లు రాసే మందు. మాత్రలో ఉండేది చాలావరకు పావు మిల్లీగ్రామో, అర మిల్లీగ్రామో. అంటే ఒక్క గ్రాము పొడి 2,000 అర మిల్లీగ్రాము మాత్రల పెట్టు. దాన్ని డ్రమ్ములో వేసి కర్రతో తిప్పితే ఏ సీసాలోకి ఎంత పోయిందో తిప్పినవాడికీ తెలియదు.

మెదడులో నాడీకణాలను అదుపులో ఉంచే పగ్గం గాబా అనే రసాయనం. అది కణం మీది ద్వారాన్ని తెరిస్తే క్లోరైడు అయాన్లు లోపలికి వెళ్లి కణం నెమ్మదిస్తుంది. ఆల్ప్రజోలం ఉంటే ఆ ద్వారం మరింత తరచుగా తెరుచుకుంటుంది. ఆల్కహాలూ అదే పగ్గాన్ని బిగిస్తుంది కాబట్టి, రెండూ కలిసిన రోజు ఊపిరి మందగించి ప్రాణమే పోవచ్చు. రోజూ పగ్గం బిగించి లాగుతుంటే ఎడ్లు ఎదురు గుంజడం నేర్చుకుంటాయి. మెదడూ అంతే. ఒక్కసారిగా వదిలేస్తే బండి బోల్తా పడుతుంది, ఫిట్స్ వచ్చేది అప్పుడే. హెరాయిన్ మానేసినవాడు నరకం చూస్తాడు కానీ అందువల్ల చనిపోవడం అరుదు. నిద్రమాత్రల సంగతి వేరు, మానడమే ప్రాణాంతకం కావచ్చు.

మత్తుమందులంటే మనకు పబ్బులూ, పార్టీలూ, చిన్న చిన్న పొట్లాలే గుర్తొస్తాయి. ఈ కల్లు తాగే కూలీ ఏనాడూ పొట్లం కొనలేదు. మత్తు మాత్రలు వాడతావా అని డాక్టరు అడిగితే, ‘లేదు సారూ, కల్లు ఒక్కటే’ అంటాడు. అది అబద్ధమూ కాదు. ఆల్ప్రజోలం 100 గ్రాములు దాటి పట్టుబడితే మాదకద్రవ్యాల చట్టం కింద కనీసం పదేళ్ల జైలు. ఆ చట్టం అవసరమే. కానీ దుకాణానికి తాళం వేయడానికి వెళ్లే జీపు వెనకే ఒక డాక్టరు వెళ్లకపోతే, ఆ శిక్ష ముందు పడేది తాగేవాడి మీద.

చికిత్సలో సాధారణంగా ఇచ్చేది డైజిపామ్, అంటే అదే జాతి మందు. మత్తు మాన్పించమని తీసుకొస్తే మళ్లీ మత్తు మాత్రే ఇస్తున్నారేమిటని ఇంటివాళ్లు ఆశ్చర్యపోతారు. ఆల్ప్రజోలం సగం దాదాపు 11 గంటల్లో రక్తంలోంచి పోతుంది. డైజిపామ్ రోజుల తరబడి నిలుస్తుంది. అందుకే దాన్ని ఇచ్చి, మోతాదు కొద్దికొద్దిగా కోస్తూ పగ్గం వదులు చేస్తారు. దానికి వారాలు పడుతుంది, కొందరికి నెలలు.