వన్యప్రాణులపై దీర్ఘకాలిక స్వల్ప రేడియేషన్: అపోహలు - వాస్తవాలు

అపోహ: అణు విద్యుత్ కేంద్రంలో ప్రమాదం జరిగిన ఉక్రెయిన్‌లోని చెర్నోబిల్‌లో జంతువులు పెరిగాయి కాబట్టి అక్కడి రేడియేషన్ వాటికి హాని చేయడం లేదు.

వాస్తవం: రేడియోధార్మికతను కొలిచే పనిలో ఉన్న మాకు తరచుగా ఎదురయ్యే వాదన ఇది, ఇందులో మొదటి సగం నిజమే. పొరుగు దేశమైన బెలారస్ వైపు, మనుషులు నివసించకూడదని ప్రకటించిన నిషేధిత ప్రాంతంలో జరిపిన గణన ఫలితాలు 2015లో వెలువడ్డాయి. జింక జాతులు, అడవి పందుల సంఖ్య ఆ దేశంలోని కలుషితం కాని అభయారణ్యాలలో ఉన్నంతే ఉందనీ, తోడేళ్లు మాత్రం 7 రెట్లకు పైగా ఉన్నాయనీ తేలింది. అయితే 1986 ప్రమాదం తరువాత అక్కడి నుంచి మనుషులు వెళ్లిపోయారు, వారితోపాటు వేట, సేద్యం, కలప కొట్టడం కూడా పోయాయి. సంఖ్య పెరగడానికి ఈ వెసులుబాటు చాలు; ఒక్కొక్క జంతువు శరీరంలో ఏం జరుగుతోందో ఆ సంఖ్య చెప్పదు. అక్కడి బార్న్ స్వాలో పిట్టలలో పాక్షికంగా రంగు కోల్పోయిన ఈకలను పరిశోధకులు గమనించారు, తలలు లెక్కపెడితే అటువంటివి కనబడవు. ఇటువంటి హాని ఎంత మోతాదు వద్ద మొదలవుతుందన్న వివాదం ఇంకా తెగలేదు. పరిసరాల గాలిలో కొలిచిన రీడింగునే జీవి శరీరం పొందిన మోతాదుగా చాలా అధ్యయనాలు తీసుకోవడం దీనికి ఒక ముఖ్య కారణమని నా అభిప్రాయం.

అపోహ: రెండు తలల జంతువులు అక్కడ మామూలు.

వాస్తవం: కావు. తీవ్రమైన లోపాలతో పుట్టిన పిల్లలు అడవిలో ఎక్కువ కాలం బతకవు.

అపోహ: ఒకే మోతాదు అన్ని జీవులనూ ఒకేలా దెబ్బతీస్తుంది.

వాస్తవం: ప్రమాదం జరిగిన కొద్ది కాలానికే అణు విద్యుత్ కేంద్రం పక్కనున్న పైన్ చెట్లు ఎర్రబారి చనిపోగా, వాటి మధ్యనున్న బర్చ్ చెట్లు చాలావరకు నిలదొక్కుకున్నాయి. అంతర్జాతీయ రేడియేషన్ రక్షణ కమిషన్ 2008లో సూచించిన స్థాయిలు కూడా జింకకు, బాతుకు రోజుకు 0.1 నుంచి 1 మిల్లీగ్రే (శరీరం గ్రహించిన రేడియేషన్ మోతాదుకు కొలత) కాగా, తేనెటీగకు, వానపాముకు 10 నుంచి 100 మిల్లీగ్రే. ఈ అంకె దాటగానే జీవి చనిపోతుందని కాదు, అక్కడ ఆగి పరిశీలించాలని మాత్రమే దాని అర్థం.

అపోహ: సీజియం-137 అనే రేడియోధార్మిక పదార్థపు అర్ధాయుష్షు (సగానికి తగ్గే కాలం) సుమారు 30 ఏళ్లు కనుక జంతువులలోనూ అది అదే లెక్కన తగ్గుతుంది.

వాస్తవం: జంతువు ఏం తింటోందన్నది కూడా చూడాలి. పొటాషియంను పోలిన సీజియం కండరాలలోకి చేరి, కొన్నాళ్లకు విసర్జనతో బయటకు పోతుంది, కలుషితమైన మేత దొరికినంత కాలం మళ్లీ చేరుతూనే ఉంటుంది. జర్మనీలోని బవేరియాలో జింక మాంసంలో సీజియం తగ్గుతూ వచ్చినా, అడవి పంది మాంసంలో అది కిలోకు 600 బెక్వెరెల్ (రేడియోధార్మికతకు కొలత) అనే పరిమితిని నేటికీ దాటుతూ ఉంటుంది. నేలలోపల పెరిగే ఒక రకం పుట్టగొడుగులు సీజియంను పట్టి ఉంచుతాయి, ఇతర ఆహారం కరువైన చలికాలంలో పందులు వాటినే తవ్వుకుని తింటాయి. ఆ సీజియంలో కొంత భాగం చెర్నోబిల్‌ది కాదనీ, అంతకు ముందు జరిగిన అణ్వాయుధ పరీక్షల నుంచి వచ్చిందనీ 2023లో వెలువడిన ఒక అధ్యయనం చూపింది.