ఎక్కేటప్పుడు ఒక జవాబు, దిగేటప్పుడు మరొకటి

కొలరాడోలో ఉంటున్న ఒక పాఠకుడు కొండ దారుల్లో నడపడానికి ఏటీవీ కొనాలనుకుంటున్నారు. ఆటోమేటిక్ మంచిదా, గేర్లు మార్చుకునేది మంచిదా అని అడుగుతూ, "గేర్లు లేనిది పిల్లల బండి అంటున్నారు, నిజమేనా?" అని చివర చేర్చారు. ఏటీవీ గురించి పరిచయాలు అక్కర్లేదు: నాలుగు లావుపాటి చక్రాలు, మోటార్‌సైకిల్ హ్యాండిల్, రాళ్ళనూ బురదనూ లెక్కచేయని తత్వం. నన్ను పట్టి ఆపింది ఆ చివరి మాటే. పిల్లల బండి అని తీసిపారేస్తున్న దాని లోపల ఉన్న యంత్రం నాకు ఎంతో ఇష్టమైనది. దానికి కంప్యూటర్ అక్కర్లేదు. రెండు కప్పీలు, ఒక రబ్బరు బెల్టు, కొన్ని బరువులు, రెండు స్ప్రింగులు కలిసి ఎప్పుడు ఏ గేరు నిష్పత్తి కావాలో తేల్చేస్తాయి.

నెదర్లాండ్స్‌లో హబ్ వాన్ డూర్న్ ఈ పద్ధతిని 1958లో డాఫ్ కారులో పెట్టాడు. తర్వాత మంచు మీద నడిచే బండ్లకు పాకింది. ఆ బండ్లు చేసే పొలారిస్ 1985లో దాన్ని ట్రెయిల్ బాస్ అనే ఏటీవీకి అమర్చింది. మన దేశంలో కైనెటిక్ హోండా నుంచి ఇవాళ్టి యాక్టివా దాకా గేర్లు లేని స్కూటర్లదీ ఇదే కుటుంబం.

రెండు పళ్ళేలను వీపులు ఎదురెదురుగా ఉంచి ఒక ఇరుసుకు గుచ్చారనుకోండి. మధ్యలో ఏర్పడే వి ఆకారపు సందులో బెల్టు కూర్చుంటుంది. పళ్ళేలు దూరంగా ఉంటే బెల్టు ఇరుసు దగ్గరికి దిగి చిన్న చుట్టు తిరుగుతుంది. దగ్గరికి నొక్కితే అంచు వైపు ఎక్కి పెద్ద చుట్టు తిరుగుతుంది. ఇలాంటి జతే ఒక కప్పీ. ఇంజిను వైపు ఒకటి, చక్రాల వైపు మరొకటి. బెల్టు పొడవు మారదు కనుక ముందు జతలో అది పైకెక్కితే వెనక జతలో లోపలికి దిగక తప్పదు. ఇంజిను మూడు చుట్లకు వెనక కప్పీ ఒక చుట్టు తిరిగే దశ నుంచి, రెండూ దాదాపు సమానంగా తిరిగే దశ దాకా ఎక్కడా మెట్టు లేకుండా జారిపోతుంది.

ముందు పళ్ళేలను నొక్కేది ఎవరు? తిరుగుడుకు బయటికి తోసుకుపోయే బరువులు. ఇంజిను 3000 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) నుంచి 6000కు వెళితే ఆ తోపు రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది, ఎందుకంటే అది వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. అపకేంద్ర బలం మిథ్యా బలమని ఇంటర్మీడియట్‌లో ఒక వాక్యంలో చెప్పి సూత్రం బట్టీ పట్టిస్తాం. స్కూటరు పక్క మూత విప్పి ఆ బరువులను, అంటే రోలర్లను, ఒక్కసారి చూపిస్తే ఆ వర్గం లెక్కను పిల్లలు జన్మలో మరిచిపోరు.

ఇంత సన్నని రబ్బరు జారకుండా అంత బరువును ఎలా లాగుతుంది? కప్పీని సగం చుట్టు చుట్టిన బెల్టులో బిగువు వైపు లాగుడు, వదులు వైపు లాగుడుకు ఎన్ని రెట్లు ఉండవచ్చో ఆయిలర్ సూత్రం చెబుతుంది. ఘర్షణ గుణకం 0.3 అనుకుంటే చదునైన బెల్టుకు అది రెండున్నర రెట్లే. వి ఆకారపు సందు కోణం 28 డిగ్రీలైతే ఘర్షణ గుణకాన్ని అందులో సగం కోణపు సైన్‌తో, అంటే సైన్ 14 అయిన 0.24తో భాగించాలి. అది కూర్చునేది ఘాతాంకంలో. అందుకే జవాబు పది రెట్లు కాదు, సుమారు 50 రెట్లు!

ఇక నాకు అన్నిటికంటే నచ్చే భాగం వెనక కప్పీలోని ఏటవాలు గాడి. ఎత్తు వచ్చి చక్రాలు మొరాయిస్తే ఆ మెలితిప్పుడుకు ఒక పళ్ళెం ఆ గాడి వెంట జారి రెండో దాని వైపు గట్టిగా నొక్కుకుంటుంది. బెల్టు అక్కడ పైకెక్కి, ముందు జతలో కిందికి దిగుతుంది. దాంతో తక్కువ గేరుకు దిగినట్టయి, ఇంజిను తన బలమైన ఆర్‌పీఎం దగ్గరే ఉండిపోతుంది. గేర్ల బండి మీద ఇదే చోట ఎడమ చెయ్యి క్లచ్ నొక్కాలి, ఎడమ కాలు గేరు దించాలి. ఆ క్షణంలో బండి ఊపు పోతుంది. ఇంజిను ఆగి బండి వెనక్కి దొర్లితే తిరగబడే ప్రమాదం ఉంది. ఎక్కడానికి నా ఓటు ఆటోమేటిక్‌కే.

దిగేటప్పుడు కథ తిరగబడుతుంది. యాక్సిలరేటర్ వదలగానే ఆర్‌పీఎం పడిపోతుంది. వర్గం లెక్కన బరువుల తోపు ఇంకా వేగంగా పడిపోతుంది. పాతకాలపు సాదా ఏర్పాటులో ముందు పళ్ళేలు విడిపోయి బెల్టు వదులవుతుంది, చక్రాలకూ ఇంజినుకూ సంబంధం తెగుతుంది. భారమంతా బ్రేకుల మీదే. గేర్ల బండిని మొదటి గేరులో ఉంచితే చక్రాలే ఇంజినును బలవంతంగా తిప్పాలి, ఆ శ్రమ బండిని పట్టి ఉంచుతుంది. కొత్త బండి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టే అలవాటు మనవాళ్ళు ఎక్కడున్నా వదలరు. నమ్మకం వారిది. కానీ పొడుగాటి దిగుడులో వేడెక్కిన బ్రేకు పట్టు తప్పడానికి దిష్టి కారణం కాదు, ఆపాల్సిన కొద్దిపాటి పని కూడా ఇంజిను చేయకపోవడం.

ఈ లోపానికి మందు ఉంది. యమహా గ్రిజ్లీలో బెల్టు ఎప్పుడూ బిగువుగానే ఉంటుంది. వదిలి పట్టే పనిని దానికి ముందున్న నూనెలో మునిగిన క్లచ్ చేస్తుంది. చక్రాలు ఇంజినును తిప్పాల్సి వస్తే ఒకవైపే పట్టే మరో క్లచ్ ఆ తిరుగుడును అందిస్తుంది. కాబట్టి దుకాణంలో అడగాల్సింది ఆటోమేటిక్కా కాదా అని కాదు, యాక్సిలరేటర్ పూర్తిగా వదిలితే ఇంజిను బండిని పట్టి ఉంచుతుందా అని. ఉంచుతుందంటే కొలరాడో కొండలకు నిశ్చింతగా అదే కొనండి. ఇసుక దిబ్బల మీద దూకుళ్ళూ పందేలూ మీ సరదా అయితే మాత్రం గేర్ల బండే. క్లచ్ వదిలిన క్షణంలో అందే తోపును బెల్టు ఇవ్వలేదు. యమహా రాప్టర్ 700 లాంటి ఆటల బండ్లు గేర్లతో వచ్చేది అందుకే.

ఆటోమేటిక్ కొంటే రెండు సంగతులు. మనిషి పరుగు కంటే నెమ్మదిగా బరువు లాగాల్సి వస్తే లో రేంజికి (వేగం తగ్గించి లాగే బలం పెంచే అమరికకు) మార్చండి, లేకపోతే బెల్టు జారి కాలుతుంది. వాగు దాటాక బెల్టు పెట్టెలోకి నీళ్ళు చేరి బండి కదలకపోతే న్యూట్రల్‌లో పెట్టి, బ్రేకు పట్టుకుని, కాసేపు ఇంజినును పెంచుతూ తగ్గిస్తూ ఉండండి. కప్పీల తిరుగుడుకు నీళ్ళు చిమ్మిపోయి బెల్టు మళ్ళీ పట్టు అందుకుంటుంది. అప్పటికీ జారుతుంటే పెట్టె అడుగున ఉండే బిరడా తీసి నీళ్ళు వంపేయాలి.