హమాలీల నడుం నొప్పి: అపోహలు, వాస్తవాలు

గుంటూరు మిర్చి యార్డుకు సరుకు ముమ్మరంగా వచ్చే రోజుల్లో నా దగ్గరికి ఫిజియోథెరపీకి వచ్చేవాళ్లలో యాభై దాటిన హమాలీలే ఎక్కువ. నొప్పితోపాటు ఎవరెవరో చెప్పిన మాటలు కూడా మోసుకొస్తారు.

అపోహ: డిస్కులు అరిగిపోయాయి, ఇక చేసేదేం లేదు.
వాస్తవం: అసలు నొప్పే లేని అరవై ఏళ్లవాళ్లకు ఎమ్మారై తీసినా పదిమందిలో దాదాపు తొమ్మిదిమందికి డిస్కులు అరిగినట్టే కనబడుతుంది. అందుకే ఫిల్ము పక్కన పెట్టి, ముందు మనిషిని నడిపించి, వంగమని చూస్తాను.

అపోహ: తగ్గేదాకా మంచం దిగకూడదు.
వాస్తవం: ఒకటి రెండు రోజులు బరువులు మానితే చాలు. వారాల తరబడి పడుకుంటే కండ కరుగుతుంది. ఈ వయసులో పోయిన కండ అంత తొందరగా తిరిగి రాదు.

అపోహ: ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లతో తన్నిస్తే పట్టు వదులుతుంది.
వాస్తవం: కొత్తగా పట్టిన నడుం చాలావరకు కొద్ది వారాల్లో దానంతటదే తగ్గుతుంది, పేరు మాత్రం తన్నినవాళ్లకు వస్తుంది. కుర్రాళ్ల సంగతి సరే, ఎముకలు గుల్లబారిన వయసులో ఆ తన్నుకు వెన్నుపూస విరగొచ్చు. నెలసరి ఆగిన ఆడకూలీలకు, ఆయాసానికి ఏళ్ల తరబడి స్టెరాయిడ్ మాత్రలు మింగినవాళ్లకు ఈ భయం ఇంకా ఎక్కువ.

అపోహ: బెల్టు ఉంటే ఎంత బరువైనా ఎత్తొచ్చు.
వాస్తవం: దీర్ఘకాలం వేధించే నడుం నొప్పికి బెల్టులు మామూలుగా ఇవ్వొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లోనే చెప్పింది. ఆ డబ్బుతో గుడ్లు కొనుక్కోండి.

అపోహ: మోకాళ్లు వంచి ఎత్తడం నేర్పితే నొప్పులే రావు.
వాస్తవం: ఇది మా వృత్తివాళ్లు పెంచి పోషించిన అపోహ. ఉత్త శిక్షణతో నడుం నొప్పులు తగ్గినట్టు పరిశోధనల్లో తేలలేదు. మిర్చి టిక్కీ, అంటే మిర్చి బస్తా, నలభై కిలోలు దాటుతుంది, ధాన్యం బస్తా 75 కిలోలు. ఒక మగమనిషి మోసే బరువు 55 కిలోలు మించకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫారసు చేసింది. 75 కిలోలు వీపున పడ్డాక మోకాళ్లు ఎలా వంచితే ఏం? బస్తా తూకం తగ్గాలి, లేదంటే ఇద్దరు పట్టాలి, ట్రాలీ రావాలి. కూలి బస్తాల లెక్కన వచ్చే మనిషికి ‘బరువులు ఎత్తొద్దు’ అని చీటీ రాసివ్వడం నాకు సిగ్గుగా ఉంటుంది. అందుకే ముఠా మేస్త్రితో మాట్లాడతాను: పెద్దాయన్ని లారీ ఎక్కించకుండా కొన్నాళ్లు కాటా దగ్గరో, సంచులు కుట్టే దగ్గరో ఉంచమని. కొందరు వింటారు.

అపోహ: కాళ్లు లాగితే నరం నొక్కుకున్నట్టే.
వాస్తవం: నడిస్తే పిక్కలు లాగి, కూర్చుంటేనో ముందుకు వంగితేనో తగ్గుతుంటే వెన్నులో నరాల దారి ఇరుకైందేమో చూడాలి. ఊరికే నిలబడినా తగ్గిపోతుంటే, అందులోనూ బీడీ అలవాటుంటే, కాళ్ల రక్తనాళాలు పూడుకుంటున్నాయేమో పరీక్ష చేయించాలి.

అపోహ: నొప్పి బిళ్ల వేసుకుని పనిలో దిగితే సరి.
వాస్తవం: ఎండలో చెమటోడుస్తూ, నీళ్లు చాలినన్ని తాగకుండా రోజూ డైక్లోఫెనాక్ మింగితే కిడ్నీలు దెబ్బతినొచ్చు. బీపీ, కడుపులో పుండు ఉన్నవాళ్లకు మరీ ప్రమాదం.

మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా, కూర్చునే చోట తిమ్మిరెక్కినా, పాదం ఈడుస్తున్నా నా దగ్గరికి రావద్దు, ఆ రోజే పెద్దాసుపత్రికి వెళ్లండి. నొప్పితోపాటు సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే వెన్నుకు టీబీ సోకిందేమో పరీక్ష చేయించుకోవాలి. టీబీ మందులు ప్రభుత్వాసుపత్రిలో ఉచితం.