కొత్త డ్రైవ్, పార్టిషన్ తంటాలు: అపోహలు - వాస్తవాలు

కంప్యూటర్లు బాగుచేసే పనిలో ఉన్నవాళ్లకి కొత్త డ్రైవ్ గొడవలు రోజూ ఉండేవే. వాటిలో డ్రైవ్ నిజంగా పాడై వచ్చినవి తక్కువ. ఎక్కువగా జరిగేది ఇది: డ్రైవ్‌ను ఏయే భాగాలుగా (పార్టిషన్లుగా) విడగొట్టారో రాసి ఉండే పార్టిషన్ టేబుల్ ఒక రకం, కంప్యూటర్‌కి కావాల్సింది ఇంకో రకం. ఆ తేడా ఏమిటో చాలాసార్లు తెరమీదే రాసి ఉంటుంది. దాన్ని చదవకుండా కంగారులో ఏదో ఒక బటన్ నొక్కేస్తేనే ఐదు నిమిషాల పని కాస్తా డేటా రికవరీ దాకా వెళ్తుంది.

అపోహ: దిస్ పీసీలో కనిపించలేదంటే డ్రైవ్ పనికిరానిదే.

వాస్తవం: కొత్త డ్రైవ్ సాధారణంగా ఖాళీగా వస్తుంది. పార్టిషన్ లేకపోతే డ్రైవ్ లెటర్ ఉండదు, లెటర్ లేకపోతే దిస్ పీసీలో కనిపించదు. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. కింది భాగంలో 'నాట్ ఇనిషియలైజ్డ్' అని, దాని పక్కన నల్లటి పట్టీతో 'అన్‌అలొకేటెడ్' అని ఉంటే డ్రైవ్ క్షేమంగా ఉన్నట్టే. ఇనిషియలైజ్ చేసి (అంటే పార్టిషన్ టేబుల్ రాయించి), 'న్యూ సింపుల్ వాల్యూమ్' ఇచ్చి, ఫార్మాట్ చేస్తే చాలు. అక్కడా లేకపోతే బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే, విండోస్ కంటే ముందు నడిచే ప్రోగ్రామ్ సెట్టింగుల్లో) చూడాలి. అందులోనూ లేకపోతే అప్పుడు కేబుల్, స్లాట్ సంగతి. ఎం.2 అనే చిన్న స్లాట్లలో కొన్ని ఎన్‌వీఎంఈ రకం డ్రైవ్‌లనే తీసుకుంటాయి, కొన్ని సాటా రకంవే తీసుకుంటాయి. లోపలికి దూరింది కదా అని అది పనిచేస్తుందని కాదు.

ఒక్కోసారి డ్రైవ్ బయోస్‌లో కనిపిస్తుంది, విండోస్ సెటప్‌లో మాత్రం జాబితా ఖాళీగా ఉంటుంది. ఇంటెల్ 11వ తరం నుంచి వచ్చిన ల్యాప్‌టాప్‌లలో ఇది మామూలే. బయోస్‌లో వీఎండీ అనే స్టోరేజ్ సెట్టింగ్ ఆన్‌లో ఉంటే, డ్రైవ్ కనిపించడానికి ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ అనే స్టోరేజ్ డ్రైవర్ కావాలి. తయారీదారు సైట్ నుంచి దాన్ని తెచ్చి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని, సెటప్‌లో 'లోడ్ డ్రైవర్' నొక్కితే డ్రైవ్ ప్రత్యక్షమవుతుంది.

అపోహ: ఎంబీఆర్ అయినా జీపీటీ అయినా ఒకటే, ఏదో ఒకటి టిక్ పెడితే సరి.

వాస్తవం: ఇనిషియలైజ్ చేసేటప్పుడు విండోస్ అడిగే ఈ రెండూ పార్టిషన్ టేబుల్ రకాలు. ఎంబీఆర్ 1983లో పీసీ డాస్ 2.0 అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్‌తో వచ్చిన పద్ధతి. పార్టిషన్ వివరాలకు దానిలో ఉన్న చోటు 64 బైట్లు. ఒక్కోదానికి 16 బైట్లు పోతే నాలుగు ప్రైమరీ (నేరుగా టేబుల్‌లో ఉండే) పార్టిషన్లే పడతాయి. సెక్టార్ల (డిస్క్‌లోని చిన్న చిన్న గళ్ల) నంబర్లకు 32 బిట్లే ఇచ్చారు కాబట్టి, 512 బైట్ల సెక్టార్లతో లెక్కేస్తే 2 టీబీ దాటి చూడలేదు. 3 టీబీ డ్రైవ్‌ను ఎంబీఆర్‌గా ఇనిషియలైజ్ చేస్తే డిస్క్ మేనేజ్‌మెంట్‌లో 2048 జీబీ ఒక ముక్కగా, 746.52 జీబీ ఇంకో ముక్కగా కనిపిస్తాయి. రెండో ముక్క మీద రైట్ క్లిక్ చేస్తే ఆప్షన్లన్నీ మసకబారి ఉంటాయి. డ్రైవ్‌లో లోపం ఉందని దాన్ని వాపసు పంపేవాళ్లూ ఉన్నారు!

జీపీటీకి ఈ బాధ లేదు. విండోస్‌లో 128 పార్టిషన్ల దాకా చేసుకోవచ్చు. పైగా టేబుల్ నకలు డిస్క్ చివర ఇంకోటి ఉంటుంది. యూఈఎఫ్‌ఐ (పాత బయోస్ స్థానంలో వచ్చిన కొత్త పద్ధతి) ఉన్న కంప్యూటర్‌లో జీపీటీ తప్ప ఇంకోటి పెట్టొద్దనే చెప్తాను.

నాలుగు ప్రైమరీలు నిండిన ఎంబీఆర్ డిస్క్‌లో ఐదోది చేయబోతే, 'డైనమిక్ డిస్క్‌గా మారుస్తాం, సరేనా?' అని విండోస్ అడుగుతుంది. డైనమిక్ డిస్క్ అంటే విండోస్ తన సొంత పద్ధతిలో పార్టిషన్లు నడిపే డిస్క్. నో నొక్కండి. ఎస్ నొక్కడం తేలికే, డేటా పోకుండా వెనక్కి రావడానికి విండోస్‌లో దారి లేదు.

అపోహ: 'ఈ డిస్క్‌లో విండోస్ ఇన్‌స్టాల్ చేయడం కుదరదు' అని వస్తే డిస్క్ మార్చాల్సిందే, లేదా మొత్తం తుడిచేయాల్సిందే.

వాస్తవం: ఎక్కువమందికి టెన్షన్ పుట్టించే మెసేజ్ ఇదే. దాని కిందే 'షో డీటెయిల్స్' అని ఉంటుంది, ముందు అది నొక్కి చదవండి. సాధారణంగా రెండింటిలో ఒకటి ఉంటుంది.

మొదటిది, 'డిస్క్ జీపీటీ పద్ధతిలో ఉంది' అని. అంటే మీరు విండోస్ సెటప్ ఉన్న పెన్‌డ్రైవ్‌ను పాత లెగసీ (బయోస్) పద్ధతిలో బూట్ చేశారు. బూట్ మెనూలో (కంప్యూటర్ దేని నుంచి మొదలవ్వాలో ఎంచుకునే చోట) చూడండి, ఒకే పెన్‌డ్రైవ్ పేరు రెండుసార్లు ఉంటుంది. ఒకదాని ముందు యూఈఎఫ్‌ఐ అని ఉంటుంది, రెండోదానికి ఉండదు. రీస్టార్ట్ చేసి యూఈఎఫ్‌ఐ అని ఉన్నది ఎంచుకుంటే పని అయిపోతుంది. ఒక్క పార్టిషన్ కూడా తీసేయక్కర్లేదు. మెనూలో ఆ పేరే లేకపోతే పెన్‌డ్రైవ్‌ను మళ్లీ తయారుచేయాలి. అలాంటి పెన్‌డ్రైవ్‌లు తయారుచేసే రూఫస్ ప్రోగ్రామ్‌లో పార్టిషన్ స్కీమ్ దగ్గర జీపీటీ, టార్గెట్ సిస్టమ్ దగ్గర యూఈఎఫ్‌ఐ ఉండాలి.

రెండోది దీనికి తిరగేసి ఉంటుంది: డిస్క్ ఎంబీఆర్‌లో ఉంది, మీరు యూఈఎఫ్‌ఐలో బూట్ చేశారు. డ్రైవ్‌లో ఏమీ లేకపోతే ఆ డ్రైవ్ పార్టిషన్లన్నీ సెటప్‌లోనే డిలీట్ చేసి, మిగిలిన అన్‌అలొకేటెడ్ మీద 'నెక్స్ట్' నొక్కండి. విండోసే జీపీటీ చేసుకుంటుంది. అలా కుదరకపోతే షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కితే కమాండ్ విండో వస్తుంది. అక్కడ డిస్క్‌పార్ట్ (డిస్క్‌లు, పార్టిషన్లు మార్చే విండోస్ టూల్), తర్వాత 'లిస్ట్ డిస్క్', 'సెలెక్ట్ డిస్క్', 'క్లీన్', 'కన్వర్ట్ జీపీటీ' వరసగా ఇవ్వాలి.

క్లీన్ అంటే ఎంచుకున్న డిస్క్‌లోని పార్టిషన్లన్నీ తీసేయడం, అది కొట్టేముందు ఒక్క క్షణం ఆగండి. డిస్క్ 0 అంటే సీ డ్రైవే అని గ్యారంటీ లేదు. సెటప్‌లో వచ్చే నంబర్లు విండోస్‌లో చూసిన నంబర్లతో కలవకపోవచ్చు. నంబరు కాదు, సైజు చూసి గుర్తుపట్టండి. సెలెక్ట్ చేశాక 'లిస్ట్ డిస్క్' ఇంకోసారి కొట్టండి. వరస మొదట్లో చుక్క (*) గుర్తు ఉన్న డిస్కే మీరు ఎంచుకున్నది. కుడివైపు జీపీటీ అనే గడిలోనూ అలాంటి చుక్కే ఉంటుంది. అది ఆ డిస్క్ ఇప్పటికే జీపీటీ అని చెప్పడానికి. ఈ రెండూ కలగాపులగం చేసుకోవద్దు. క్లీన్ కమాండ్ 'నిజంగానా?' అని కూడా అడగదు.

విండోస్, డేటా ఉన్న ఎంబీఆర్ డ్రైవ్ అయితే తుడవకుండానే మార్చొచ్చు. 2017లో వచ్చిన విండోస్ 10, 1703 వెర్షన్ నుంచి ఎంబీఆర్2జీపీటీ అనే టూల్ విండోస్‌తోనే వస్తోంది. విండోస్ ఉన్న డిస్క్‌కే పనికొస్తుంది, ప్రైమరీ పార్టిషన్లు మూడుకి మించకూడదు, లోపల ఇంకొన్ని పార్టిషన్లు పెట్టుకునే ఎక్స్‌టెండెడ్ పార్టిషన్ ఉండకూడదు. ముందు వ్యాలిడేట్ ఆప్షన్‌తో పరీక్షించి, తర్వాత మార్చండి. మారాక బయోస్‌లో బూట్ పద్ధతిని యూఈఎఫ్‌ఐకి మార్చకపోతే విండోస్ లేవదు. బ్యాకప్ తీసుకోమని వేరే చెప్పాలా?

అపోహ: ఫార్మాట్ చేస్తే లోపల ఉన్నదంతా పోయినట్టే.

వాస్తవం: హార్డ్ డిస్క్‌లో క్విక్ ఫార్మాట్ అంటే పొలంలో గట్లు తీసేయడమే, పైరు అలాగే ఉంటుంది. డిస్క్‌పార్ట్ క్లీన్ కూడా ఎంబీఆర్ డిస్క్ అయినా జీపీటీ అయినా టేబుల్‌నే తీసేస్తుంది. కాబట్టి పొరపాటున కొట్టేసినా దాని మీద ఇంకేమీ రాయకుండా ఆపేస్తే టెస్ట్‌డిస్క్ లాంటి టూల్స్‌తో వెనక్కి తెచ్చుకునే అవకాశం ఉంది. పాత డ్రైవ్‌ను ఎవరికైనా ఇచ్చేసేటప్పుడు ఇదే ప్రమాదం. ఎస్‌ఎస్‌డీల కథ వేరు. ఫార్మాట్ చేయగానే వాడని చోటును చెరిపేయొచ్చని చెప్పే ట్రిమ్ అనే ఆదేశం వెళ్తుంది, తర్వాత తిరిగి దొరుకుతుందన్న ఆశ పెట్టుకోవద్దు.

ఇదివరకు వాడిన డ్రైవ్ తగిలించగానే 'వాడాలంటే ఫార్మాట్ చేయాలి' అని వస్తే, అందులో మీకు కావాల్సినవి ఉంటే, క్యాన్సిల్ నొక్కండి. విండోస్‌కి ఫైల్ సిస్టమ్ అర్థం కాలేదని మాత్రమే దానర్థం.

అపోహ: 1 టీబీ కొంటే 931 జీబీ చూపిస్తోంది, మిగతాది దాచిన పార్టిషన్‌లో ఉంది.

వాస్తవం: ఏమీ దాచలేదు. తయారీదారు లక్ష కోట్ల బైట్లను 1 టీబీ అంటాడు, విండోస్ 1024తో భాగిస్తూ పోతుంది.

అపోహ: ఆ చిన్న చిన్న పార్టిషన్లు దండగ, తీసేసి సీ డ్రైవ్‌లో కలిపేయొచ్చు.

వాస్తవం: విండోస్‌ను లేపే బూట్ ఫైళ్లు ఉండే 100 ఎంబీ ఈఎఫ్‌ఐ పార్టిషన్ తీసేస్తే విండోస్ బూటే కాదు. విండోస్ చెడితే బాగుచేసే టూల్స్ ఉండే రికవరీ పార్టిషన్ లేకపోయినా రోజులు గడుస్తాయి, అవసరం పడిన రోజు తెలుస్తుంది. అది మరీ ఇరుకుగా ఉన్నా ఇబ్బందే. 2024 జనవరిలో వచ్చిన ఒక విండోస్ 10 అప్‌డేట్ రికవరీ పార్టిషన్‌లో చోటు చాలక చాలామందికి 0x80070643 ఎర్రర్‌తో ఆగిపోయింది.

అయితే ఈ రికవరీ పార్టిషన్ అడ్డం పడే సందర్భం ఒకటుంది. పాత 256 జీబీ డ్రైవ్‌ను కొత్త 1 టీబీలోకి క్లోన్ చేస్తారు (ఉన్నదున్నట్టు నకలు తీస్తారు). మిగిలిన చోటంతా చివర్లో ఖాళీగా ఉంటుంది, కానీ సీ మీద 'ఎక్స్‌టెండ్ వాల్యూమ్' మసకగా ఉంటుంది. సీకి కుడిపక్కనే ఖాళీ ఉంటే తప్ప విండోస్ పెంచదు, మధ్యలో రికవరీ కూర్చుంది. క్లోన్ చేసే ప్రోగ్రామ్‌లోనే సైజులు సర్దుకోవడం మేలు. ఆ అవకాశం దాటిపోతే జీపార్టెడ్ అనే పార్టిషన్ ప్రోగ్రామ్‌తో బూట్ చేసి రికవరీని చివరికి జరపాలి. బిట్‌లాకర్ (డ్రైవ్‌లోని డేటాకి తాళం వేసే విండోస్ ఎన్‌క్రిప్షన్) ఉంటే ముందు డీక్రిప్ట్ చేయండి, 48 అంకెల రికవరీ కీ కూడా ఇంకోచోట రాసి ఉంచుకోండి.

అపోహ: సీ, డీ, ఈ అని ముక్కలు చేస్తే స్పీడు, పైగా డేటాకి భద్రత.

వాస్తవం: ఎస్‌ఎస్‌డీలో స్పీడ్ తేడా ఏమీ ఉండదు. భద్రత అంటారా, డ్రైవ్ పోతే మూడు అక్షరాలూ కలిసే పోతాయి. తరచూ విండోస్ మార్చేవాళ్లకి రెండు ముక్కలు సౌకర్యం. మిగతావాళ్లు సీ నిండిపోయి, డీ ఖాళీగా ఉండి అవస్థ పడటమే చూస్తుంటాను.

అపోహ: పాత డ్రైవ్ అలాగే ఉంచి కొత్తదాంట్లో విండోస్ వేస్తే ఏమీ కాదు.

వాస్తవం: విండోస్ కొత్తదాంట్లోకే వెళ్తుంది. కానీ పాత డ్రైవ్‌లో ఈఎఫ్‌ఐ పార్టిషన్ ఉంటే సెటప్ తరచూ బూట్ ఫైళ్లు దాంట్లోనే పెట్టేస్తుంది. అంతా బాగానే నడుస్తుంది, పాతది తీసేదాకా. తీసిన రోజు బూట్ డివైస్ దొరకలేదంటుంది. అందుకే ఇన్‌స్టాల్ పూర్తయ్యేదాకా పాత డ్రైవ్ పీకి పక్కన పెట్టండి. ఇప్పటికే ఇలా ఇరుక్కుంటే మళ్లీ ఇన్‌స్టాల్ చేయాల్సిన పని లేదు. కొత్త డ్రైవ్ జీపీటీలోనే ఉంటే సీని కొంచెం ష్రింక్ చేసి, డిస్క్‌పార్ట్‌లో 100 ఎంబీ ఈఎఫ్‌ఐ పార్టిషన్ చేసి, ఫ్యాట్32లో ఫార్మాట్ చేసి, ఒక లెటర్ ఇవ్వండి. తర్వాత బీసీడీబూట్ కమాండ్‌తో బూట్ ఫైళ్లు అందులోకి రాయించి, బయోస్‌లో కొత్త డ్రైవ్‌ను మొదటి వరసకి తెచ్చి, అప్పుడు పాతదాన్ని తీసేయొచ్చు.