కొండపల్లి ఏనుగూ పన్నెండంగుళాల వూఫరూ

మా మేనల్లుడు ఆటోనగర్‌లో కార్లకి మ్యూజిక్ సిస్టమ్‌లు బిగిస్తాడు. పోయిన ఏప్రిల్‌లో ఒక రాత్రి ఫోన్ చేసి, "మామయ్యా, రెండో బాక్సు కూడా దండగైంది" అన్నాడు. పన్నెండంగుళాల వూఫర్‌కి, అంటే బేస్ పలికించే పెద్ద స్పీకర్‌కి, 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో బాక్సు కట్టాడు, పోర్టుకి, అంటే బాక్సులోంచి గాలి ఆడే రంధ్రానికి, నాలుగంగుళాల పైపు పెట్టాడు. కంప్యూటర్ లెక్క ప్రకారం బేస్ గుండెల్లోకి దిగాలి. తీరా ఆన్ చేస్తే కొన్ని పాటలకి గుబగుబ, కొన్నిటికి ఏమీ లేదు. మొదటి బాక్సు చెడినప్పుడు దిష్టి తగిలిందని ఎవరో అంటే నిమ్మకాయా పచ్చిమిరపకాయలూ కట్టాడట. రెండోదానికైతే బాక్సు చెయ్యకముందే అవి కట్టాడట. "షీటు కొయ్యకముందే చిన్నది చేసి చూసుకోలేమా? అపార్టుమెంట్లకి అట్టతో మోడల్ చేస్తారు కదా, అట్లా?"

ముప్పై ఏళ్లు ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్పాను. ఇంత మంచి ప్రశ్న క్లాసులో ఒక్కసారీ ఎదురవలేదు.

చేయొచ్చు. మోడల్ చేసి చూడటం ఇంజనీర్లకి పాత అలవాటే. పుణె దగ్గర ఖడక్‌వాస్లాలో ఉన్న నీటి ప్రయోగాల కేంద్రం 1916లో మొదలైంది. డ్యాములకీ రేవులకీ అక్కడ నమూనాలు కట్టి నీళ్లు వదిలి చూస్తారు. ధ్వని విషయంలో జర్మనీలో స్పాండోక్ అనే ఆయన 1934లోనే హాలుని ఐదో వంతుకి కుదించి, అందులో శబ్దాన్ని ఐదు రెట్లు వేగంగా వినిపించి చూశాడు. వూఫర్ బాక్సుకీ సూత్రం అదే. అయితే కుదించినప్పుడు ఏది మన మాట వింటుంది, ఏది వినదు అన్నది ముందు తెలియాలి. ఇక్కడే నాకు కొండపల్లి బొమ్మలు గుర్తొస్తాయి. మా ఇంట్లో షోకేసులో అంబారీ ఏనుగు ఒకటుంది. ఈ వ్యాసం అయ్యేదాకా దాన్ని వదలను.

కొండపల్లి వాళ్లు తెల్లపొణికి కర్రతో ఏనుగు చేస్తారు. తల, తొండం, కాళ్లు, అంబారీ విడివిడిగా చెక్కి, చింతగింజల పొడీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికిస్తారు. చూడటానికి ఏనుగే. కానీ ఎత్తు పదో వంతు చేస్తే బరువు పదో వంతు కాదు, వెయ్యో వంతు అవుతుంది. కాలి అడుగు వైశాల్యం మాత్రం నూరో వంతే అవుతుంది. ఒకే ఆకారం, కానీ పొడవు ఒక దారినా, వైశాల్యం ఇంకో దారినా, బరువు మూడో దారినా తగ్గాయి. పెద్ద జంతువుల ఎముకలు మరీ లావుగా ఎందుకుండాలో గెలీలియో 1638లో రాసిన లెక్క ఇదే. వూఫర్ బాక్సులోనూ సరిగ్గా ఇదే జరుగుతుంది, కాకపోతే అక్కడ మనకి లాభం.

పోర్టున్న బాక్సు అంటే గోలీసోడా బుడ్డే. మూతి దగ్గర ఊదితే బూ అంటుంది చూడండి, మెడలో ఉన్న గాలి ముద్దలా కదులుతుంది, కడుపులోని గాలి స్ప్రింగులా దాన్ని తోస్తుంది. ఇప్పుడు బుడ్డిని అన్ని వైపులా నాలుగో వంతుకి కుదిద్దాం. మెడలోని గాలిముద్ద బరువు 64వ వంతుకి పడిపోతుంది. స్ప్రింగు బిగువు మాత్రం నాలుగో వంతుకే వస్తుంది, ఎందుకంటే కడుపు చిన్నదైన కొద్దీ గాలి మొండికేస్తుంది. బిగువుని బరువుతో భాగిస్తే 16 రెట్లు, దాని వర్గమూలం 4. అంటే మోత సరిగ్గా నాలుగు రెట్ల పౌనఃపున్యంలో వస్తుంది. పౌనఃపున్యం అంటే గాలి సెకనుకి ఎన్నిసార్లు ఊగుతుందో ఆ లెక్క, దాన్ని హెర్ట్జ్‌లలో చెబుతారు. 32 హెర్ట్జ్‌కి ట్యూన్ చేసిన పెద్ద బాక్సుకి నాలుగో వంతు మోడల్ చేస్తే అది 128 దగ్గర మోగుతుంది. మోడల్‌లో కొలిచిన ప్రతి అంకెనీ నాలుగుతో భాగించుకుంటే చాలు.

వాడి బాక్సు లోపలి కొలతలు 60, 36, 29.5 సెంటీమీటర్లు. దాదాపు 64 లీటర్లు. నాలుగో వంతు అంటే 15, 9, 7.4 సెంటీమీటర్లు. దాదాపు ఒక లీటరు! మంచినీళ్ల సీసా అంత. 10 సెంటీమీటర్ల వెడల్పు, 28.8 పొడవున్న పైపు కాస్తా 2.5 వెడల్పు, 7.2 పొడవు అయింది. షాపులో పీవీసీ పైపుకి చెప్పే సైజు బయటి కొలత, లోపలిది మనం స్కేలు పెట్టి చూసుకోవాలి. 18 మిల్లీమీటర్ల చెక్క బదులు నాలుగున్నర ఉండాలి, నాలుగు దొరికింది. చెక్క మందం కూడా కుదించడం ఎందుకంటే, అదే చెక్కని అన్ని వైపులా నాలుగో వంతు చేస్తే పలక వణుకు కూడా నాలుగు రెట్లకే వెళ్తుంది. పెద్ద బాక్సులో ఏ పలక గోల చేస్తుందో చిన్నదాంట్లో వేళ్లతో తట్టి చూసుకోవచ్చు.

మరి స్పీకరో? దాన్ని ఎవరు కుదిస్తారు? ఇక్కడ నాకు నిజంగా ఒళ్లు పులకరించింది. సాధారణంగా పన్నెండంగుళాల వూఫర్‌లో కదిలే భాగం, అంటే గరాటులాంటి కోనూ దాని వెనకుండే తీగచుట్ట కాయిలూ కలిపి, 120 గ్రాములు ఉంటుందనుకోండి, సొంత పౌనఃపున్యం 28 హెర్ట్జ్. నాలుగో వంతు స్పీకర్‌కి కదిలే బరువు 1.9 గ్రాములు, సొంత పౌనఃపున్యం 112 ఉండాలి. మామూలు మూడంగుళాల స్పీకర్ డేటా షీటు తీసి చూడండి: రెండు గ్రాముల చిల్లర, వంద హెర్ట్జ్ పైచిలుకు. కోన్ వైశాల్యం కూడా 500 చదరపు సెంటీమీటర్లకి 31 రావాలి, వస్తుంది. బొమ్మ ఏనుగుకి బొమ్మ తొండం బజార్లో రెడీగా దొరికినట్టు! స్పీకర్‌ని ఇలా నాలుగైదు అంకెల్లోకి దించవచ్చని 1961లో ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్, డెబ్బైల మొదట్లో రిచర్డ్ స్మాల్ చూపించారు. మనవాళ్లు వూఫర్ కొనేటప్పుడు మ్యాగ్నెట్ బరువు చేత్తో ఎత్తి చూస్తారు గానీ ఆ అంకెలు చూడరు.

మోడల్ కట్టడానికి ఒక ఆదివారం పట్టింది. ఫెవికాల్‌తో అతికించాం, ఆరింది, స్పీకర్ పైకి చూసేట్టు బల్ల మీద పెట్టాం. ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్, దానికో చిన్న యాంప్. కొలిచే పరికరం ఉప్మా రవ్వ. కోన్ మధ్యలో చిటికెడు రవ్వ పోసి, పౌనఃపున్యాన్ని 80 నుంచి మెల్లగా పైకి తీసుకెళ్లాలి. రవ్వ బాణలిలో వేగినట్టు ఎగురుతూ ఉంటుంది. బాక్సు సొంత మోత దగ్గరికి రాగానే పోర్టులోని గాలి పనంతా తన నెత్తిన వేసుకుంటుంది, కోన్ దాదాపు నిలబడిపోతుంది. రవ్వ అణిగిపోతుంది. అదే క్షణంలో పోర్టు మూతి దగ్గర అగరొత్తి పట్టుకుంటే పొగ చెదిరిపోతుంది. ధ్వనేమో ఎక్కువగానే వస్తోంది, స్పీకర్ మాత్రం కదలడం లేదు! మొదటిసారి చూసినవాళ్లు స్పీకర్ కాలిపోయిందేమో అని కంగారు పడతారు.

మాకు మొదటిసారి రవ్వ అణగలేదు, కాస్త నెమ్మదించింది అంతే. అగరొత్తిని అంచుల వెంట తిప్పాను. ఒక మూల దగ్గర పొగ సన్నగా వణికింది. అక్కడ అతుకులో వెంట్రుక దూరేంత సందు. పెద్ద బాక్సులో అంత సందు ఉన్నా పెద్దగా తెలిసేది కాదు, మోడల్‌కి అది నాలుగు రెట్ల సందు. రంపపు పొట్టు ఫెవికాల్‌లో కలిపి కూరాం. కొండపల్లి మక్కే, చింతగింజలు లేకుండా.

ఇక మాట వినని సంగతి. కొండపల్లి ఏనుగుకి రంగు వేస్తారు. అడుగు ఎత్తున్న ఏనుగుకీ, బొటనవేలంత ఏనుగుకీ ఒకే కుంచె, ఒకే రంగు, ఒకే మందం పూత. పెద్దదాని మీద పూత లెక్కలోకి రాదు. చిన్నదాంట్లో కంటి గుంట పూడిపోతుంది, చెవి మడత మాయమవుతుంది. గాలికీ ఇలాంటి పూత ఉంది. పైపులో గాలి ముందుకీ వెనక్కీ ఊగేటప్పుడు గోడకి ఆనుకున్న సన్నని పొర అంటుకుపోయి సరిగా కదలదు. 32 హెర్ట్జ్ దగ్గర దాని మందం 0.39 మిల్లీమీటర్లు. మోడల్‌లో పౌనఃపున్యం నాలుగింతలు కాబట్టి పొర కూడా పలచబడుతుంది. కానీ నాలుగో వంతుకి కాదు, సగానికే, 0.19కి. పైపు మాత్రం నాలుగో వంతైంది. అంటే పూత వాటా రెట్టింపు. అందుకే మోడల్‌లో మోత అసలుదానంత పదునుగా ఉండదు, కాస్త మొద్దుబారుతుంది. అదే పదో వంతు మోడల్ చేస్తే ఈ వాటా మూడింతలు దాటుతుంది. నాలుగో వంతు దగ్గర ఆగమని నేను చెప్పేది అందుకే. అగ్గిపెట్టె సైజులో చేసి, బాక్సు సరిగా మోగడం లేదని డిజైన్‌ని తిట్టుకోవడం కంటిగుంట పూడిన ఏనుగుని చూసి ఏనుగులకి కళ్లుండవనడమే.

బొమ్మకి బట్ట కట్టినా ఇదే తంటా. అసలైన నూలు చీర ముక్కని జానెడు బొమ్మకి కడితే కుచ్చిళ్లు పడవు, అట్టలా నిలబడుతుంది. బాక్సులో కొందరు దిండు దూది కూరుతారు. మోడల్‌లో అదే దూది కూరితే అదే కథ, దూది పోగు సన్నబడదు కదా. అందుకని దూది పెట్టే డిజైన్లకి మోడల్‌ని నమ్మొద్దు. సౌండు పెంచినప్పుడు పోర్టులోంచి వచ్చే ఉఫ్ ఉఫ్ చప్పుడుకీ నమ్మొద్దు. పెద్ద బాక్సులోనూ మోడల్‌లోనూ గాలి వేగం ఒకటే ఉంచినా సుడులు తిరిగే తీరు మారుతుంది.

లాభాలు మాత్రం గట్టివి. 32 హెర్ట్జ్ అల పొడవు పదిన్నర మీటర్ల పైన. దాన్ని గోడల గొడవ లేకుండా కొలవాలంటే మైదానం కావాలి, చుట్టుపక్కల వాళ్లు ఊరుకోవాలి. 128 హెర్ట్జ్ అల మూడు మీటర్లు కూడా లేదు, మా మేడ సరిపోయింది. ఫోన్ మైకులు 30 దగ్గర సరిగా వినవు, 120 దగ్గర బాగానే వింటాయి. పాటని నాలుగు రెట్ల వేగంతో మోడల్‌లో వేసి, రికార్డు చేసి, నాలుగో వంతు వేగానికి తగ్గించి వింటే పెద్ద బాక్సు ఎలా పలుకుతుందో చెవికే తెలుస్తుంది. స్పాండోక్ కిటుకే. వేగంగా వేసినప్పుడు డోలు దెబ్బలు టకటకమని కీచుగా వస్తే పక్కింటి పిల్లలు పడీపడీ నవ్వారు.

సందు పూడ్చాక రవ్వ ఠక్కున అణిగింది. 128 దగ్గర కాదు, 122 దగ్గర. అంటే పెద్ద బాక్సు 30.5. వాడి లెక్కలో 32. ఎక్కడ పోయింది?

ఇక్కడో మాట చెప్పాలి. ఇంటర్ ల్యాబులో రెజోనెన్స్ కాలమ్ ప్రయోగం అందరూ చేసే ఉంటారు. నీళ్ల గొట్టం, శృతిదండం. రికార్డులో 0.3d (d అంటే గొట్టం వ్యాసం) అని ఎండ్ కరెక్షన్ రాస్తారు. ఎందుకు కలపాలో అడిగితే నూటికి తొంభై మంది "రికార్డులో ఉంది సార్" అంటారు. తప్పు వాళ్లది కాదు, మేం మార్కుల కోసం అలా చెప్పాం. గొట్టం మూతి దాటాక కూడా కొంత గాలి ముద్దతో పాటే ఊగుతుంది, కాబట్టి గొట్టం ఉన్నదానికంటే పొడవుగా ప్రవర్తిస్తుంది, అంతే. ఆ అదనపు గాలికి చోటు కావాలి. మా వాడు పైపు లోపలి కొనని వెనక పలకకి రెండున్నర సెంటీమీటర్ల దూరంలో ఆపాడు. గాలి సందులోంచి పక్కలకి దూరిపోవాల్సి వచ్చి, పైపు ఇంకా పొడవైనట్టు తయారైంది. కంప్యూటర్‌కి గోడ అడ్డుందని ఎవరూ చెప్పలేదు. మోడల్‌కి చెప్పక్కర్లేదు, గోడ అందులోనే ఉంది.

మామూలు డబ్బా, తిన్నటి పైపు, చుట్టూ ఖాళీ ఉంటే మోడల్ అనవసరం, లెక్క చాలు. మలుపులు తిరిగే హారన్ బాక్సులు, కారు డిక్కీ మూలలో ఇరికించే వంకర పెట్టెలు, ఇలాంటి గోడవార పైపులు... వీటికే మోడల్ చెయ్యాలి.

మోడల్ పైపుని మిల్లీమీటరు మిల్లీమీటరుగా కోస్తూ పోయాం. ఐదు కోసేసరికి రవ్వ 128 దగ్గర అణిగింది. పెద్దదాంట్లో రెండు సెంటీమీటర్లు. ఒక్క కోత రెండు పనులు చేసింది: పైపు పొట్టిదైంది, గోడ దూరమైంది. ఈసారి కొత్త షీటు కొనలేదు, పాత బాక్సులో పైపు బయటికి లాగి రంపం పెట్టాడు, అంతే.

మర్నాడు మిట్టమధ్యాహ్నం ఫోన్. "మామయ్యా, పాట అదిరింది. కానీ రవ్వ 33 దగ్గర ఆగింది. నీ మోడల్ ఒక పాయింటు తప్పు చెప్పింది."

మోడల్‌ని మేం రాత్రి మా గదిలో ఏసీ 24లో పెట్టుకుని కొలిచాం. "నీ షెడ్డులో ఎంత ఉందిరా ఇప్పుడు?" అన్నాను.

"నలభై రెండు. రేకుల కింద మరి."

24 డిగ్రీల దగ్గర ధ్వని వేగం సెకనుకి దాదాపు 346 మీటర్లు, 42 దగ్గర 357. కాగితం తీసుకుని 32ని 357తో గుణించి 346తో భాగించమన్నాను. కాసేపు ఫోన్‌లో గ్రైండర్ చప్పుడు మాత్రం వినపడింది.

"ముప్పై మూడు" అన్నాడు.